దస్తగిరమ్మ అమ్మనన్న క్రాంకులు

ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు చిదానందయ్య గారికి లేదు. ఎమ్మిగనూరులో ఆయనది నేతపని. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూనే ఉండేవారు. ఆయన మంచిమాటలు వినవచ్చినవాళ్ళు చుట్టూ చాపల మీద కూర్చునేవారు. ప్రశ్న చెవిన పడగానే పేకనూలు మోసే నాడె ఆయన చేతిలో ఒక్క క్షణం ఆగేది. మళ్ళీ కదిలిందంటే ఆ ప్రశ్నకు ఆ పూట జవాబు లేదని అర్థం. నాడెను పక్కన పెట్టి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారంటే మాత్రం అందరూ సర్దుకుని కూర్చునేవాళ్ళు. అప్పుడైనా ఆయన వాదించి ఒప్పించేవారు కారు. ఎక్కడో జరిగిన చిన్న సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు.

ఆ సాయంత్రం ప్రశ్న వేసినవాడు ఓబులేసు. బజారువీధిలో విత్తనాల అంగడి అతనిది. నలభై దాటిన మనిషి. ఆరేళ్ళుగా ప్రతి గురువారం వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, విని వెళ్ళిపోయేవాడే తప్ప ఏనాడూ నోరు విప్పి ఎరగడు. అందుకే అతను గొంతు సవరించుకుంటే ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"స్వామీ, ఒకరు మనల్ని ఒక మాట అడిగినారు. అడిగినదానికి నిజమే చెప్పినాము. అడగనిది చెప్పలేదు. అది అబద్ధం కిందికి వస్తాదా?"

నాడె ఆగింది. ఎవరో ఒకరు ఉత్సాహపడి, అబద్ధానికి లక్షణం ఏమిటో చెప్పబోయారు. చిదానందయ్య గారు ఆ మాట విననట్టే తువ్వాలు అందుకున్నారు. ఓబులేసు ముఖం వంక కాసేపు చూసి, "ఆదోనిలో దస్తగిరమ్మ అని ఒకామె ఉండేది," అని మొదలుపెట్టారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

ఆదోనిలో పత్తి మార్కెట్టు వెనక సందులో దస్తగిరమ్మకు పాత సైకిళ్ళ అంగడి ఉండేది. పాత సైకిళ్ళంటే సైకిళ్ళుగా అమ్మేది కాదు. మూలపడ్డవి, గుద్దుకున్నవి, దిక్కులేనివి తెచ్చి ఊడదీసి, పనికొచ్చే సామాను పనికొచ్చేవాళ్ళకు అమ్మేది. చక్రాలొక దండెం మీద, హ్యాండిళ్ళొక దండెం మీద, గొలుసులు నూనె డబ్బాలో. ఆమె భర్త ఫకీరప్ప ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ కలిసి చేశారు. ఆయన పోయాక, ఆడమనిషి ఈ పనేం చేస్తుందిలే అని ఊళ్ళో అనుకున్నారు. ఏడాది తిరిగేసరికి, కొత్త సామాను అమ్మే అంగళ్ళవాళ్ళు కూడా తమకు అంతుపట్టని సైకిలు వస్తే "మార్కెట్టు వెనక ఆయమ్మకు చూపించు" అని పంపడం మొదలుపెట్టారు. ఇనుమును ఆమె చేత్తో చూసేది. కళ్ళు మూసుకుని వేలితో నిమిరి, ఇది వంగి లేచిందనీ, ఇది అరిగిందనీ చెప్పేది.

నూలు కోసం చిదానందయ్య గారు అప్పట్లో వారానికి రెండుసార్లు ఆదోని వెళ్ళేవారు. ఒక మంగళవారం దారిలో ఆయన సైకిలు వెనక చక్రం కూర్చుండిపోయింది. నడిపించుకుంటూ వెళ్ళి దస్తగిరమ్మ అంగట్లో ఇచ్చి, చెక్కపెట్టె మీద కూర్చున్నారు. అప్పుడే ఒక స్త్రీ లోపలికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. బక్కపలచని మనిషి, కానీ నిలబడ్డ తీరులో ఏదో గట్టిదనం ఉంది. చేతిలో పాతగుడ్డలో చుట్టిన ఇనపముక్క.

"అమ్మా, ఇంత పొడుగు క్రాంకులు ఒక జత కావాలండి. పాతవైనా పర్వాలేదు," అంటూ గుడ్డ విప్పింది. పెడలునూ ఇరుసునూ కలిపే ఇనప చెయ్యినే క్రాంకంటారు. ఆమె తెచ్చినది ఇరుసు దూరే కన్ను దగ్గర చీలిపోయి ఉంది. "కుడివైపుది కూడా పళ్ళచక్రం లేకుండా కావాలి. ఉంటే కోసి ఇవ్వండి."

దస్తగిరమ్మ విరిగిన ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. "పళ్ళచక్రం లేకుంటే గొలుసు యాడ వేస్తావు పాపా?"

"గొలుసు లేదమ్మా. ఒంటిచక్రం సైకిలు. మాది సర్కసు. శుక్రవారం మొదటి ఆట."

ఊరి బయట మైదానంలో సర్కసు డేరా లేస్తున్న సంగతి ఆదోనిలో అందరికీ తెలుసు. వచ్చినామె పేరు ఎస్తేరు. చీరాల దగ్గర ఊరు. పన్నెండేళ్ళుగా ఒంటిచక్రం తొక్కడమే ఆమె బతుకు.

దస్తగిరమ్మ లోపలికి వెళ్ళి ఒక జత తెచ్చింది. వెండిలా మెరిసిపోతున్నాయి. ఎవరో పెద్దాయన సరదాపడి కొనుక్కుని ఆర్నెల్లు కూడా తొక్కని సైకిలు తాలూకువి. ఎస్తేరు ముఖం విప్పారింది. పొడుగు కొలిచి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది. "లైట్లలో భలే మెరుస్తాయండి. బాగుంటాయా?"

"బాగుంటాయి," అంది దస్తగిరమ్మ.

అది నిజమే. ధర మాట్లాడుకోవడం కూడా అయిపోయింది. ఎస్తేరు వాటిని అదే గుడ్డలో చుట్టుకుని మెట్టు దిగింది. దస్తగిరమ్మ చిదానందయ్య గారి సైకిలు తలకిందులు చేసి, రెంచీ పట్టుకుని, ఒక నట్టు విప్పింది. రెండో నట్టు మీద చెయ్యి ఆగిపోయింది. ఆ పెద్దాయన సైకిలు ఒకనాడు కల్వర్టు గోడకు గుద్దుకుంది. కుడి క్రాంకు వంగింది. దాన్ని దిమ్మె మీద పెట్టి సుత్తితో సరిచేసింది తనే. అటువంటివి ఆమె ఎన్నో అమ్మింది, ఒక్కటీ తిరిగి రాలేదు. సైకిలుకైతే అవి పదేళ్ళు పనిచేస్తాయి. కానీ ఒంటిచక్రాన్ని ఆమె పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి దగ్గరగా చూసింది లేదు. దానికి ఎన్నేళ్ళో, ఎన్ని రోజులో ఆమెకు తెలియదు.

"పాపా, ఉండు!" అని కేకేసి సందు చివరిదాకా పరుగెత్తింది.

ఎస్తేరును వెనక్కి తీసుకొచ్చేసరికి చిదానందయ్య గారికి కొంచెం నవ్వొచ్చింది. ఆయన ఆనాడు అన్న మాట దాచుకోకుండా మాకూ చెప్పారు: "ఏమమ్మా దస్తగిరమ్మా, ఆమె బాగుంటాయా అంది, నువ్వు బాగుంటాయన్నావు. ఉన్న మాటే కదా. ఇంకా మిగిలిందేముంది?"

"బాగుంటాయని నేను చెప్పింది సైకిలుకు, సామీ. ఆయమ్మ అడిగింది ఇంకోదానికి." దస్తగిరమ్మ ఎస్తేరు వైపు తిరిగింది. "ఇది ఒకసారి వంగింది. నేనే కొట్టి సరిచేసినా. నీ చక్రం మీద ఇది ఏమవుతాదో నాకు తెలీదు. నువ్వు తొక్కేది నేను చూడల్ల. చూసినాక ఇస్తా."

"మీరు చూస్తే ఏం తెలుస్తుందమ్మా? ఎప్పుడూ తొక్కలేదుగా మీరు."

"నేను తొక్కేదాన్ని కాదు, ఇనుమును చూసేదాన్ని. పద."

ఆమె నిజంగానే అంగడి తలుపులు మూసింది. చిదానందయ్య గారి సైకిలు లోపల తలకిందులుగానే ఉండిపోయింది. ఆయన ఆ రోజు బస్సెక్కి ఊరికి వెళ్ళారు. అయితే వెళ్ళేముందు, ఈమె ఏం చేస్తుందో చూద్దామని డేరా దాకా వెంట నడిచారు.

మధ్యాహ్నపు ఎండకు డేరా లోపల ఉక్కగా ఉంది. ఎస్తేరు చక్రం విరిగి మూలన పడి ఉండటంతో, జోకరు వాడుకునే చిన్న ఒంటిచక్రం తెచ్చుకుని ఎక్కింది. దస్తగిరమ్మ కుర్చీలో కూర్చోలేదు. రింగు అంచున రంపపు పొట్టు మీద చతికిలబడి, తల వంచి, ఎస్తేరు పాదాలు మాత్రమే చూడసాగింది. ఒంటిచక్రానికి ఇరుసూ చక్రమూ ఒకటే. ఫ్రీవీలు లేదు. కాలు ఆగితే చక్రం ఆగుతుంది, కాలు వెనక్కి పోతే చక్రమూ వెనక్కే. ముందుకు పోతున్నంతసేపూ సైకిలుకూ దానికీ పెద్ద తేడా కనబడలేదు. కానీ ఎస్తేరు ఒకచోట నిలబడవలసి వచ్చినప్పుడు, నిలబడటమంటే నిలబడటం కాదని దస్తగిరమ్మకు తెలిసింది. అరచక్రం ముందుకు, అరచక్రం వెనక్కి, మళ్ళీ ముందుకు. ఊయల ఊగినట్టు. ప్రతి ఊపులోనూ క్రాంకును ఒకసారి ఇటు, ఒకసారి అటు విరుస్తున్నట్టే ఉంది.

"సైకిలుకు దెబ్బ ఒకపక్కే తగుల్తాది," అని ఆమె తనలో తాను అనుకున్నట్టు పైకే అంది. "దీనికి రెండుపక్కలా."

అంతలో లోపలి నుంచి పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఒకతె పరుగున వచ్చింది. బల్ల ఎక్కి, అక్కడి నుంచి ఒక్క ఉదుటున ఎస్తేరు భుజాల మీదికి లేచి నిలబడింది. చేతులు రెండూ చాచింది. కింద ఎస్తేరు పాదాలు బరువుకు తడబడి, మళ్ళీ కుదురుకున్నాయి. ముందుకు, వెనక్కి, ముందుకు.

దస్తగిరమ్మ లేచి నిలబడింది. "ఎవరా పాప?"

"మా చెల్లెలండి. సువార్త," అంది ఎస్తేరు కిందికి దిగుతూ. "మా ఆట ఇదే. అక్క తొక్కుద్ది, చెల్లెలు పైన నిలబడుద్ది. గోడల మీద బొమ్మలు కూడా వేశారు."

"నువ్వు తొక్కుతావనే చెప్పినావు గాని, నీ మీద ఇంకొకరు ఉంటారని చెప్పలేదే!"

"మీరడగలేదు కదమ్మా."

సువార్త ఆయాసపడుతూ, నవ్వుతూ, పాదాలకంటిన పొట్టు దులుపుకుంటోంది. ఆ పిల్ల మడమల వంక చూస్తూ దస్తగిరమ్మ మెల్లగా అంది: "నాకు తెలిసింది నువ్వడగలేదు. నీకు తెలిసింది నేనడగలేదు. మన ఇద్దరి నడుమ ఈ పిల్ల కింద పడేది."

చిదానందయ్య గారు అక్కడి నుంచి బస్సుకు వెళ్ళిపోయారు. శుక్రవారం దాకా జరిగినదంతా ఆయన మళ్ళీ ఆదోని వెళ్ళినప్పుడు ఆ ఇద్దరి నోటా విన్నది.

ఆ సాయంత్రమే దస్తగిరమ్మ మెరిసే జతను కిరసనాయిలు గిన్నెలో నానబెట్టింది. బుధవారం పొద్దున ఎస్తేరు వచ్చేసరికి వాటిని తీసి, పొడిగుడ్డతో చుక్క తడి లేకుండా తుడిచి, పైన సుద్దపొడి చల్లింది. సుత్తి పిడితో చిన్నగా తట్టింది. ఇద్దరూ వంగి చూస్తున్నారు. కొంతసేపు ఏమీ లేదు. తెల్లటి పొడి తెల్లగానే ఉంది. తర్వాత కుడి క్రాంకు నడుముకు లోపలివైపు, ఒకప్పుడు వంగినచోట, వెంట్రుకంత సన్నని తడిగీత ఒకటి పొడిలోకి పైకి వచ్చింది. పగులులో దాగిన కిరసనాయిలు అది.

"ఇది నా కంటికి కూడా కనపడలేదు, పాపా. వేలికి కూడా తగల్లేదు," అంది దస్తగిరమ్మ. ఆ మాట అనడానికి ఆమెకు కష్టమైంది. ఇన్నేళ్ళుగా సరిచేసి అమ్మిన క్రాంకులు ఎన్ని, అవి ఎవరెవరి కాళ్ళ కింద తిరుగుతున్నాయి అన్న ఆలోచన అప్పుడే మొదటిసారి ఆమెకు తగిలింది.

ఎస్తేరు ఏమీ మాట్లాడక ముందే సర్కసు మేనేజరు వచ్చాడు. కంగారులో ఉన్నాడు. సంగతంతా విని, విసుగ్గా తల విదిలించాడు. "వెంట్రుకంత గీతకు ఇంత గొడవా? మెరుస్తున్నాయి, సరిపోయాయి. ఇచ్చెయ్యమ్మా. ఏదైనా అయితే నీకు సంబంధం లేదని కాగితం రాసి సంతకం పెట్టిస్తాను."

"సంతకం పెడితే ఇనుము అతుక్కుంటాదా, అయ్యా?"

మేనేజరు ఎస్తేరు వైపు తిరిగాడు. శుక్రవారం ఆటకు చక్రం సిద్ధంగా లేకపోతే ఆ చోటు వేరేవాళ్ళకు ఇస్తాననీ, ఒకసారి ఇచ్చాక మళ్ళీ వెనక్కి రాదనీ సందులో అందరికీ వినబడేట్టు చెప్పి వెళ్ళిపోయాడు. ఇక్కడికి రాకముందే ఎస్తేరు ఊళ్ళో మిగతా అంగళ్ళన్నీ పొద్దున్నే తిరిగి వచ్చింది. ఆ పొడుగువి ఎక్కడా లేవు. తెప్పించడానికి వారం పడుతుందన్నారు. ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి. కానీ మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

"మీరు నన్ను వెనక్కి పిలవకపోయినా బాగుండేదమ్మా. తెలియకుండా తొక్కేదాన్ని. ఏళ్ళ తరబడి అట్లాగే తొక్కాను."

ఆమె వెళ్ళిపోయాక దస్తగిరమ్మ చాలాసేపు రెంచీ ముట్టుకోలేదు. తను మంచి చేసిందా, ఇద్దరు అక్కచెల్లెళ్ళ కూడు తీసిందా అన్నది ఆమెకు తేలలేదు. అమ్మకపోవడం సులువు, అమ్మనని చెప్పి తలుపేసుకుంటే తన చేతులకు మట్టి అంటదు. కానీ డేరాలో రంపపు పొట్టు మీద ఆ నాలుగు పాదాలు ఆమె చూసి వచ్చింది. లేచి, ఉన్న క్రాంకులన్నీ దించి నేల మీద పరిచింది. నలభై దాకా ఉన్నాయి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని తనను తాను అడిగింది: దీని కథ నాకు తెలుసా? ఇది ఎక్కడ పడింది, ఎవరు తొక్కారు, ఏం మోసింది? ఒక్కదానికీ ఆమె దగ్గర పూర్తి జవాబు లేదు. అన్నీ ఎవరెవరివో. అన్నీ సగం తెలిసినవే.

పూర్తిగా తెలిసినది ఒకటే ఉంది. అంగడి వెనక గదిలో గోడకు ఆనించిన ఫకీరప్ప సైకిలు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలిసి బళ్ళారి వెళ్ళి కొన్నది. పాతసామాను మూటలు మోయడానికని బలమైన బండి ఏరి తెచ్చుకున్నారు. ఇరవై రెండేళ్ళు ఫకీరప్ప తొక్కాడు. మూటల వెనక దస్తగిరమ్మ కూర్చుంది. అది ఏ రోజు ఏ గుంతలో దిగిందో, ఎప్పుడు ఏ పిన్ను మార్చారో ఆమెకు తెలుసు. ఒక్కసారి కూడా పడలేదు, వంగలేదు. ఎంతోమంది అడిగినా అమ్మలేదు, ఊడదీయలేదు. ఏడాదికి రెండుసార్లు గాలి కొట్టించి, నూనె వేసి, మళ్ళీ అక్కడే పెట్టేది.

ఆమె దాని ముందు కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో తనకే తెలియదట. "ఆయనుంటే ఏమంటాడో అని ఆలోచించలేదు సామీ," అని తర్వాత చిదానందయ్య గారితో అంది. "ఆయనైతే ఎప్పుడో విప్పేసేవాడు. విప్పలేకపోయింది నేనే."

సుత్తి తీసుకుంది. క్రాంకును ఇరుసుకు బిగించే కాటరు పిన్ను తుప్పుపట్టి రాలేదు. కిరసనాయిలు పోసి, కాసేపు ఆగి, మళ్ళీ కొట్టింది. మూడో దెబ్బకు జారింది. రెండు క్రాంకులూ విప్పి నానేసింది. గురువారం తెల్లవారాక తుడిచి, సుద్దపొడి చల్లి, ఎదురుచూసింది. పొడి తెల్లగానే ఉండిపోయింది. మళ్ళీ నానేసి మళ్ళీ చూసింది. తెల్లగానే ఉంది. అప్పుడు కుడి క్రాంకును వైసులో బిగించి, పళ్ళచక్రాన్ని రంపంతో కోసింది. అంచులు ఆకురాయితో నున్నగా అరగదీసింది. తర్వాత సర్కసుకు కబురు పంపింది.

ఎస్తేరు విరిగిన ఒంటిచక్రాన్ని భుజాన వేసుకుని, చెల్లెలిని వెంటబెట్టుకుని వచ్చింది. బల్ల మీదున్న క్రాంకులను చూసి తడబడింది. నల్లగా, మొద్దుగా ఉన్నాయవి. అక్కడక్కడ పాత పూత ఊడి గోధుమరంగు తేలింది.

"పాపా, ముందు వీటి తప్పులు విను," అంది దస్తగిరమ్మ. "ఇవి లైట్లలో మెరవవు. నీ పాతవాటికంటే వేలిమందం పొడుగు, కాబట్టి ఒకరోజైనా అలవాటు చేసుకోవల్ల. ఎడమదానికి పెడలు బిగించేచోట మర కొంచెం అరిగింది. ప్రతి ఆటకు ముందు రెంచీతో చూసుకోవల్ల, ఒక్కరోజు మరిచినా కుదరదు. రెండుపక్కలా దెబ్బ తగిలేదానికి కాటరు పిన్ను వదులవుతాది, అది వీటి తప్పు కాదు, నీ చక్రం గుణం. నెలకొకసారి కిరసనాయిల్లో వేసి, నేను చేసినట్టు సుద్దపొడితో చూడు. ఎట్ల చూడాలో ఈ పిల్లకు కూడా నేర్పు. పైన నిలబడేది తనే గదా. గీత కనపడిన రోజు పారెయ్. ఎవరికీ అమ్మొద్దు."

ఎస్తేరు ఆ మాటలన్నీ విన్నది. తర్వాత చెల్లెలు వినకుండా చెబుదామనుకున్నట్టు గొంతు తగ్గించి, మళ్ళీ ఏమనుకుందో మామూలుగానే చెప్పింది. "నా ఎడమ మోకాలు పోయినేడు దెబ్బతిందమ్మా. మేనేజరుకు తెలియదు. దీనికీ చెప్పలేదు. తమాయించుకోవాల్సి వస్తే బరువంతా కుడికాలి మీదే వేస్తాను. అందుకేనేమో కుడివైపుదే విరిగింది."

సువార్త అక్క వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది, భయమూ ఉంది. "నాకెందుకు చెప్పలేదే? నేను ఎడమపక్కకు వాలకుండా నిలబడేదాన్ని కదా!"

దస్తగిరమ్మ ఆ ఇద్దరి మధ్యకు వెళ్ళలేదు. డబ్బాలోంచి కొత్త కాటరు పిన్ను ఒకటి తీసి, దీపం మసి పూసి, కుడి క్రాంకు కన్నులోకి దూర్చి, బయటికి తీసి చూసింది. మసి ఎక్కడ చెరిగితే అక్కడ ఆనుతున్నట్టు. ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది మళ్ళీ దూర్చింది. మళ్ళీ తీసింది. పిన్ను పొడుగంతా మసి సమంగా చెరిగేదాకా ఆ పని ఎన్నిసార్లు చేసిందో ఎస్తేరు లెక్కపెట్టలేకపోయిందట. పొద్దు వాలకముందే చక్రం సిద్ధమైంది. సందులోనే ఎస్తేరు ఎక్కి, గోడ పట్టుకుని, వదిలి, అరచక్రం ముందుకు, అరచక్రం వెనక్కి ఊగింది. ఇనుము చప్పుడు చేయలేదు.

శుక్రవారం చిదానందయ్య గారు తన సైకిలు కోసం ఆదోని వెళ్ళేసరికి అంగడి మళ్ళీ మూసి ఉంది. ఎక్కడుంటుందో ఊహించి డేరాకు వెళ్ళారు. మధ్యాహ్నం ఆట. పత్తి మార్కెట్టు హమాలీలు, పిల్లల తల్లులు, చుట్టుపక్కల ఊళ్ళ జనం కిటకిటలాడుతున్నారు. ముందువరసలో దస్తగిరమ్మ పక్కన చోటు దొరికింది. బాకాలు మోగాయి. తెర తొలగి ఎస్తేరు చక్రం మీద వచ్చింది. బల్ల మీంచి సువార్త లేచి అక్క భుజాల మీద నిలబడింది. రెండు చేతుల్లోనూ దీపాల పళ్ళేలు. ఈసారి ఆ పిల్ల కుడిపక్కకు పిసరంత ఒరిగి నిలబడిందని చిదానందయ్య గారికి అనిపించింది. జనమంతా ఊపిరి బిగబట్టి పైకి, ఆ దీపాల వంక చూస్తున్నారు. అంత పెద్ద డేరాలో ఒక్క దస్తగిరమ్మే తల వంచి కిందికి చూస్తోంది. నల్లటి క్రాంకులు రెండూ ముందుకూ వెనక్కూ ఊగుతున్నాయి. ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందో, ఊపులు లెక్కపెడుతోందో తెలియలేదు.

మూడుసార్లు రింగు చుట్టి వచ్చి, నడిమధ్యలో నిలబడి, చెల్లెలు దీపాలతో సహా కిందికి దూకేసరికి డేరా అదిరిపోయింది. దస్తగిరమ్మ చప్పట్లు కొట్టలేదు. చీరచెంగుతో ముఖం తుడుచుకుని, "పిన్ను కదల్లేదు," అంది. అంతే.

బయటికి వచ్చాక చిదానందయ్య గారు, "నాలుగు రోజులుగా నా సైకిలు నీ అంగట్లో తలకిందులుగా ఉంది తల్లీ," అన్నారు.

"మీ సైకిలు సంగతి నాకు తెల్సు సామీ, అది ఆగుతాది," అంది ఆమె. తర్వాత రోడ్డు మీద నడుస్తూ, ఊళ్ళో తను సరిచేసి అమ్మిన క్రాంకులు గుర్తున్నంతవరకు ఎవరెవరి దగ్గరున్నాయో ఒక్కొక్క పేరే తలచుకోసాగింది. మరుసటి వారం నుంచి ఆమె వాళ్ళ ఇళ్ళకు గిన్నె, కిరసనాయిలు, సుద్దపొడి పట్టుకుని తిరిగిందని ఆదోనిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొందరు నవ్వారు. కొందరు, "బాగానే ఉన్నాయి గదా, మేమడిగినామా?" అన్నారు. ఆమె వాళ్ళ గుమ్మాల్లోనే కూర్చుని సుద్దపొడి చల్లింది. ఇద్దరి సైకిళ్ళకు గీత కనపడింది.

చిదానందయ్య గారు చెప్పడం ఆపారు. తువ్వాలు మడిచి పక్కన పెట్టి అన్నారు: "మిగిలిందేముంది అని ఆమెను అడిగినవాణ్ణి నేను. అప్పటికే పాతికేళ్ళుగా సత్యం గురించి పాఠం చెబుతున్నాను."

ఇంకెవరైనా అయితే అక్కడితో నమస్కారం పెట్టి లేచేవారు. ఓబులేసు లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ వంకే చూస్తూ కూర్చున్నాడు. చివరికి, ఎవరూ అడగకుండానే, మాట్లాడాడు. మొన్న సోమవారం గుడేకల్లు నుంచి ఈరన్న అనే రైతు వచ్చి పత్తివిత్తనాలు కొన్నాడు. "బాగుంటాయా?" అన్నాడు. "బాగుంటాయి" అన్నాడు ఓబులేసు. మంచి విత్తనాలే. కానీ అవి కాలువ నీటి కింద పండే రకం. ఈరన్నది గట్టుపొలం, వానే ఆధారం. ఆ సంగతి ఓబులేసుకు తెలుసు. సరుకు నిలవ ఉండిపోయింది. ఈరన్న అడగలేదు.

"విత్తాడా?" అన్నారు చిదానందయ్య గారు.

"లేదు స్వామీ. పదును కోసం చూస్తాండాడు. వాన పడినాక విత్తుతాడు."

చిదానందయ్య గారు వాకిలి వైపు చూశారు. వీధిలో ఎండ ఇంకా తగ్గలేదు. ఆకాశంలో మబ్బుతునక లేదు.

"మరి ఇంకా ఇక్కడే కూర్చున్నావేం, నాయనా?"